నూరు దేశాల సంఘం
(రేడియో మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)

మనుషులన్నాక ఏదో ఒక సంఘం పెట్టుకోకుండా ఉండలేరు. మన పేటల్లోనే చూడండి. మహిళా మండలి ఉంటుంది, భజన మండలి ఉంటుంది, నలుగురూ కలిసి చీటీ వేసుకునే జట్టు ఉంటుంది. ఒక్కోదానిలో చేరడానికి ఒక్కో అర్హత. భజన మండలికి గొంతు కావాలి, చీటీకి ఒకటో తారీఖున డబ్బు కావాలి. అమెరికాలో ఒక సంఘం ఉన్నది. అందులో చేరాలంటే మనిషి నూరు దేశాలు తిరిగి ఉండాలి! దాని పేరు ట్రావెలర్స్ సెంచరీ క్లబ్. సెంచరీ అంటే క్రికెట్‌లో కొడతారే, అదే నూరు.

"నూరు దేశాలా! మాకు నెలకోసారి పుట్టింటికి వెళ్ళడానికే తీరదు, ఈ సంగతులు మాకెందుకమ్మా" అని మీలో కొందరు అనుకోవచ్చు. నిజమే. అయితే ఈ సంఘం వాళ్ళు మొదట్లోనే ఒక చిక్కు ప్రశ్న ఎదుర్కొన్నారు. ఒక చోటికి "నేను వెళ్ళాను" అని మనిషి ఎప్పుడు చెప్పుకోవచ్చు? కాలు మోపితే చాలా? రాత్రి నిద్ర చేయాలా? నలుగురితో మాట్లాడాలా? ఈ ప్రశ్న విమానం ఎక్కేవాళ్ళకే కాదు, బస్సెక్కే మనకూ ఉన్నది. అందుకే ఈ వేళ ఆ సంఘం ముచ్చట చెప్పాలనుకున్నాను.

ఈ సంఘం 1954లో కాలిఫోర్నియాలోని లాస్ ఏంజిలిస్‌లో పుట్టింది. అప్పటికే దేశదేశాలు బాగా తిరిగినవాళ్ళు కొందరు చేరి పెట్టుకున్నారు. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఆ ఏడు ఐక్యరాజ్యసమితిలో ఉన్న సభ్యదేశాలు అన్నీ కలిపి 60 మాత్రమే. మరి నూరు దేశాలు ఎక్కడినుంచి వస్తాయి? ఆఫ్రికాలో చాలా భాగం అప్పటికింకా పరాయి ప్రభుత్వాల కింద ఉంది. 1960 ఒక్క సంవత్సరంలోనే ఆ ఖండంలో 17 దేశాలకు స్వాతంత్ర్యం వచ్చింది. అందుచేత జెండా వేరుగా ఉన్నదే దేశం అంటే లెక్క కుదరదు. ప్రధాన దేశానికి దూరంగా సముద్రంలో ఉన్న దీవి అయినా, పరిపాలన వేరుగా సాగే ప్రాంతమైనా, జనం వేరు జాతివాళ్ళయినా దాన్ని విడిగా లెక్కపెట్టవచ్చునని వాళ్ళు నిర్ణయించుకున్నారు.

అలా తయారైన జాబితా పెరుగుతూ పెరుగుతూ వచ్చి, 2022 జనవరి నాటికి 330 పేర్లయింది. ఐక్యరాజ్యసమితిలో 193 దేశాలుంటే వీరి పట్టీలో 330! ఎలాగంటారా? ఇంగ్లండు ఒకటి, స్కాట్లండు ఒకటి, వేల్స్ ఒకటి. అమెరికాలోనిదే అయినా అలాస్కా విడిగా ఒకటి, హవాయి ఒకటి. టర్కీ దేశం కొంత యూరప్‌లోనూ కొంత ఆసియాలోనూ ఉంది గనుక రెండు. ఇస్తాంబుల్ నగరంలో పడవ మీద ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పోతే చాలు, లెక్కలో ఒకటి పెరుగుతుంది. మన దేశం సంగతి చూస్తే అండమాన్ నికోబార్ దీవులు, లక్షదీవులు విడివిడిగా లెక్కకొస్తాయి. ఎల్‌టీసీ మీద పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళివచ్చిన ఉద్యోగుల ఇల్లాళ్ళు తమకు తెలియకుండానే ఈ పట్టీలో రెండు అంకెలు సంపాదించుకున్నట్టే.

ఇంకా తమాషా దుబాయి వైపుది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ అని మనం ఒక్క దేశంగా చెప్పుకుంటామే, అందులో అబుదాబి, దుబాయి, షార్జా వగైరా ఏడు ఎమిరేట్లున్నాయి. సంఘం వారికి అవి ఏడు. దుబాయిలో కొడుకు దగ్గరికి వెళ్ళిన తల్లి సాయంత్రం కారులో షార్జాలోని చుట్టాలింటికి భోజనానికి పోయి వస్తే రెండు దేశాలు చూసినట్టు!

నవ్వొస్తుంది గానీ, సరిహద్దులన్నవి ఇలాంటివే. ఈ సంఘం పెట్టిన 1954లోనే మన గోదావరి జిల్లా మధ్యన ఒక పరాయిదేశపు ముక్క ఉండేది. అదే యానాం. కాకినాడకు ముప్ఫై కిలోమీటర్ల లోపే. భాష తెలుగే, తిండి మన తిండే, పారేది మన గౌతమీ గోదావరే. పరిపాలన మాత్రం ఫ్రెంచివాళ్ళది. 1954 జూన్‌లో అక్కడ ఫ్రెంచి పాలన కూలిపోయింది. ఆ నవంబరు 1న పుదుచ్చేరితో పాటు యానాం కూడా భారత ప్రభుత్వం చేతికి వచ్చింది.

యానాం అనగానే ఆడవాళ్ళు మరిచిపోకూడని కథ ఒకటి ఉంది. 1929లో శారదా చట్టం వచ్చింది. పధ్నాలుగేళ్ళు నిండని ఆడపిల్లకు పెళ్ళి చేయకూడదన్నారు. అది 1930 ఏప్రిల్ నుంచి అమలైంది. ఆ చట్టం బ్రిటిష్ వాళ్ళ ఇండియాలోనే చెల్లుతుంది గనుక, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు చిన్నచిన్న ఆడపిల్లల్ని తీసుకుని యానాం పోయి పెళ్ళిళ్ళు చేసుకు వచ్చేవారు. నూరు దేశాల సంఘంవారి పద్ధతిలో చూస్తే ఆ పిల్లలందరూ పరాయి గడ్డ మీద కాలు పెట్టి వచ్చినవాళ్ళే. అయితే వాళ్ళు వెళ్ళినట్టా, వాళ్ళను తీసుకుపోయినట్టా? ఈ తేడాని కాస్త మనసులో పెట్టుకోండి. ముందు ముందు అవసరం పడుతుంది.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ఎంతసేపు ఉంటే వెళ్ళినట్టు? సంఘంవారు దీన్ని చర్చించి చాలా ఉదారమైన నియమం పెట్టుకున్నారు. ఓడ రేవులో ఆగినప్పుడు దిగినా చాలు, విమానం దారిలో పెట్రోలు పోసుకోవడానికి ఆగినా చాలు, ఆ దేశం లెక్కలోకి వస్తుంది. ఎందుకంటే అంతమాత్రానికి కూడా ఆ రోజుల్లో వీసా తీసుకోవడమో, పాస్‌పోర్టు చూపడమో తప్పేది కాదట. పాస్‌పోర్టులోని ముద్రలన్నీ తెచ్చి చూపించమనే పట్టుదల కూడా లేదు. మనిషి మాట మీద నమ్మకం. నూరు పూర్తయితే సభ్యత్వం. 75 దాటినవాళ్ళు ముందుగా తాత్కాలిక సభ్యులుగా చేరవచ్చు. 150 అయితే వెండి, 200 అయితే బంగారం, 250కి ప్లాటినం, 300కి వజ్రం అని మెట్లు కూడా ఉన్నాయి.

పెట్రోలు కోసం ఆగితే దేశం చూసినట్టా అని మనం వాళ్ళను వేళాకోళం చేయవచ్చు. కానీ మన సంగతేమిటి? లెక్కపెట్టుకుని తిరగడం మనకేమీ కొత్త కాదు. పన్నెండు జ్యోతిర్లింగాలు, పద్దెనిమిది శక్తిపీఠాలు, నూట ఎనిమిది దివ్యదేశాలు... ఇవన్నీ పట్టీలే కదా! దివ్యదేశాల పట్టీ అయితే సెంచరీ క్లబ్బు కంటే ఎంతో పాతది. అందులో ఒకటి మన దేశం దాటి నేపాల్‌లో ఉంది, ముక్తినాథ్. భూమ్మీద చూడగలిగినవి 106 మాత్రమే. మిగిలిన రెండూ పాలకడలి, పరమపదం. ఎంత ధనవంతుడైనా, ఎన్ని విమానాలెక్కినా బతికుండగా ఈ పట్టీ పూర్తి చేయలేడు. పెద్దవాళ్ళు ఎంత తెలివిగా పెట్టారో చూడండి. లెక్క పూర్తయిందన్న గర్వానికి చోటే లేదు.

కార్తీక మాసంలో సోమవారం నాడు పంచారామాల బస్సెక్కిన వాళ్ళు మీలో ఎందరో ఉంటారు. నేనూ ఎక్కాను. అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట. ఒక పగలూ రాత్రీ కలిపి ఐదు గుళ్ళు. ఒకచోట జనం తోసుకుంటూ ఉంటే స్వామి కనిపించీ కనిపించకముందే వెనక నుంచి "నడవండమ్మా, నడవండి" అని కేక. బస్సు దగ్గరికొచ్చాక నా పక్క సీటులోని పెద్దావిడ, "ఇంతకీ ఇది మూడోదా నాలుగోదా అమ్మాయీ?" అని అడిగింది. ఆమె భక్తిని నేను తక్కువ చేయడం లేదు. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం చేసి ఉపవాసంతో వచ్చిన మనిషి. కానీ ఆ బస్సులో కూర్చుని నాకు అనిపించింది, లెక్క తొందర మనసులో పడితే ఎదుట ఉన్నది కళ్ళకు ఆనదు అని.

ఇప్పుడు దేశాల లెక్కలో వేగం కూడా పోటీ అయింది. అమెరికా అమ్మాయి కసాండ్రా డి పెకాల్ 2015 జులైలో బయలుదేరి 2017 ఫిబ్రవరి నాటికి 196 దేశాలు తిరిగి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. పద్దెనిమిది నెలలకు పైగా పట్టింది. పంచుకుని చూస్తే దేశానికి మూడు రోజులు కూడా పడలేదు. ప్రయాణాల వేళ కూడా అందులోనే! ఒంటరి ఆడపిల్ల అంత సాహసం చేసిందంటే మెచ్చుకోవలసిందే. 2019 అక్టోబరులో జెస్సికా నబోంగో అనే ఆమె 195 దేశాలు పూర్తి చేసింది. ఆమె పుట్టింది అమెరికాలో, తల్లిదండ్రులు ఆఫ్రికాలోని ఉగాండావాళ్ళు. ఆమె దగ్గర రెండు దేశాల పాస్‌పోర్టులూ ఉండేవి. ఏ దేశపు పాస్‌పోర్టు చేతిలో ఉందన్నదాన్ని బట్టి దారులు తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. మన పాస్‌పోర్టు పట్టుకుని అమెరికా వీసాకో, యూరప్ వీసాకో నెలల తరబడి ఎదురుచూసిన వాళ్ళకు ఆ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఇంకో రకం వాళ్ళను గురించి చెప్పాలి. వీళ్ళు ఏ సంఘం పట్టీలోనూ కనబడరు. మన గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి ఎందరో ఆడవాళ్ళు కువైట్‌కు ఇంటిపనికి పోతున్నారు. మన చట్టం ప్రకారం ఆ దేశాలకు ఇంటిపని కోసం పోయే స్త్రీకి ముప్ఫై ఏళ్ళు నిండి ఉండాలి. అంటే చాలామంది పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి పోయేవాళ్ళే. అక్కడ ఏళ్ళ తరబడి ఉంటారు. అరబ్బీ మాట్లాడతారు. ఆ ఇంటి పిల్లల్ని పెంచుతారు. ఆ దేశపు వంటలు, పండుగలు, చావులు, పెళ్ళిళ్ళు అన్నీ చూస్తారు. సంఘం లెక్కలో పదేళ్ళ కువైట్ జీవితమూ ఒకటే. ఓడ దిగి రేవులో రెండు గంటలు బజారు చేసి వచ్చిన యాత్రికుడిదీ ఒకటే. ఆ దేశం ఎవరికి ఎక్కువ తెలుసో మీరే చెప్పండి. అయితే ఆమెకు ఇష్టమైనప్పుడు తిరిగి రావడానికి వీలుందా, తన పాస్‌పోర్టు తన పెట్టెలోనే ఉందా, సెలవు రోజున ఊరు చూడనిచ్చారా అన్నది కూడా అడగాలి. ఇందాక యానాం పిల్లల దగ్గర అనుకున్న తేడా ఇక్కడ మళ్ళీ వచ్చింది. దేశం చూడటం అంటే తన ఇష్టం మీద వెళ్ళడం, తన ఇష్టం మీద తిరిగి రావడం.

ఆ ఇష్టం ఉంటే ఎంత దూరం పోవచ్చునో చెప్పడానికి కొచ్చిలో ఒక దంపతులున్నారు. విజయన్, మోహన. వాళ్ళకు శ్రీ బాలాజీ కాఫీ హౌస్ అని చిన్న టీ కొట్టు. రోజూ అమ్మకంలోంచి మూడు వందల రూపాయలు పక్కన పెట్టడం, చాలకపోతే అప్పు తీసుకోవడం, తిరిగి వచ్చాక కొట్టు నడిపి ఆ అప్పు తీర్చడం, మళ్ళీ కొత్త దేశానికి లెక్కలు వేసుకోవడం. 2007 నుంచి మొదలుపెట్టి 26 దేశాలు చూశారు. చివరిది రష్యా, 2021లో. ఆ నవంబరులోనే విజయన్ కన్నుమూశారు. ఇరవయ్యారు దేశాలకు సెంచరీ క్లబ్బులో తాత్కాలిక సభ్యత్వం కూడా రాదు. కానీ గ్లాసులు కడిగి, టీ కాచి, తన చేతి సంపాదనతో భర్త పక్కన నిలబడి ప్రపంచం చూసిన ఆవిడకు ఏ వజ్రపు మెట్టు సరితూగుతుంది?

మనవాళ్ళలో ఇంతకంటే వెనకటి మనిషి ఒకావిడ ఉన్నారు. పోతం జానకమ్మ. 1870లలో, సముద్రం దాటితే కులంలోంచి వెలివేస్తారని మగవాళ్ళే జంకే రోజుల్లో, ఆవిడ మద్రాసు నుంచి ఓడెక్కి ఇంగ్లండు వెళ్ళారు. చూసినదంతా మొదట తెలుగులో రాశారు. తర్వాత ఇంగ్లీషులో తెచ్చిన పుస్తకం 1876లో మద్రాసులో అచ్చయింది. దాని పేరు పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్. ఆవిడ తిరిగిన దేశాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. అయినా నూటయాభై ఏళ్ళ తర్వాత మనం ఆవిడ పేరు చెప్పుకుంటున్నాం. కారణం, ఆవిడ చూసింది రాసిపెట్టారు. వెళ్ళలేని ఆడవాళ్ళకు కూడా ఆ ప్రయాణంలో పాలు పంచారు.

అంతమాత్రాన నూరు దేశాల సంఘాన్ని తీసిపారేయకూడదు. పట్టీ అనేది ఉంటే ఒక మేలు ఉంది. అది లేకపోతే అందరూ లండన్, పారిస్, సింగపూర్ అనుకుంటూ పోయిన దారినే పోతారు. దక్షిణ అట్లాంటిక్ సముద్రంలో ట్రిస్టన్ డ కున్యా అనే దీవి ఉంది. విమానాశ్రయం లేదు. కేప్‌టౌన్ నుంచి ఓడలో వారం రోజులదాకా పడుతుంది. జనాభా మూడు వందలు కూడా ఉండదు. పసిఫిక్ మహాసముద్రంలో పిట్‌కెయిర్న్ దీవిలోనైతే యాభై మంది దాకా మాత్రమే ఉంటారు. మన వీధిలో ఒక అపార్ట్‌మెంటులో ఉండేటంత మంది! ఆ కాస్త మందీ కాపురాలు చేసుకుంటారు, కూరగాయలు పండించుకుంటారు, ఓడ ఎప్పుడొస్తుందా అని చూస్తుంటారు. పట్టీలో పేరుంది కాబట్టే అలాంటి చోటు ఒకటుందని చాలామందికి తెలుస్తుంది. అంటే పట్టీ దారి చూపించడానికి మంచిదే. మనిషి గొప్ప కొలవడానికి మాత్రం పనికిరాదు.

మరి మనం ఏం చేయవచ్చు? నాకు తోచినవి నాలుగు మాటలు చెబుతాను.

మొదటిది, ప్రయాణం ఉన్నా లేకపోయినా పాస్‌పోర్టు తీసుకోండి. పెద్దవాళ్ళకు ఒకసారి తీసుకుంటే పదేళ్ళు చెల్లుతుంది. పిల్లల కాన్పులకు పిలుపు వచ్చాక హడావుడి పడేకంటే ముందే ఉండటం నయం. పెళ్ళి ధృవపత్రం తెమ్మంటారేమోనని కొందరు వెనకాడుతుంటారు. ఆ నిబంధన 2016 డిసెంబరులో తీసేశారు. పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకుని తీరాలని కూడా లేదు. అయితే పుట్టింటి పేరు ఉంచుకున్నా, అత్తింటి పేరు పెట్టుకున్నా అన్ని కాగితాల్లోనూ ఒకే రకంగా ఉండేట్టు చూసుకోండి. పాస్‌పోర్టులో ఒకలా, టిక్కెట్టులో ఒకలా ఉంటే విమానాశ్రయంలో చిక్కులు. పదో తరగతి సర్టిఫికెట్టు ఉంటే భద్రంగా దాచండి. పాస్‌పోర్టు దరఖాస్తులో అది పనికొస్తుంది. ఇక వెళ్ళే ముందు గడువు చూసుకోండి. చాలా దేశాలవాళ్ళు ఇంకా ఆరు నెలలైనా గడువు మిగిలి ఉండాలంటారు.

రెండోది, పాస్‌పోర్టు లేనివాళ్ళకు కూడా నేపాల్, భూటాన్ ఉన్నాయి. మనవాళ్ళకు అక్కడికి వీసా అక్కరలేదు. ఓటరు కార్డు చాలు. కాశీ, గయ చూసి అటునుంచి పశుపతినాథుణ్ణి దర్శించుకుని వచ్చిన పెద్దవాళ్ళు మన ఇళ్ళల్లో ఎందరో! వాళ్ళంతా ఒక విదేశం చూసినవాళ్ళే. ఆ మాట వాళ్ళతో ఒకసారి అని చూడండి, ముఖం ఎలా వెలుగుతుందో.

మూడోది, ప్రయాణానికని చీటీనో, డబ్బానో విడిగా పెట్టుకోండి. పాలవాడి బాకీ, గ్యాసు బండ, పిల్లల ఫీజు, ఇవన్నీ పోగా మిగిలితే చూద్దామంటే ఏ జన్మకూ మిగలదు. ఆ డబ్బు మీ పేరున ఉండనివ్వండి. మీరు ఎటు పోవాలో మీరే చెప్పండి. "ఆయన తీసుకెళితే వెళ్ళాను" అనేకంటే "మేమిద్దరం అనుకుని వెళ్ళాం" అనడం ఎంత బాగుంటుంది!

నాలుగోది, ఒక నోటుబుక్కు పెట్టండి. పద్దు పుస్తకంలాగే గీతలు గీయండి. ఊరిపేరు, తేదీ. దాని పక్కన మూడు గళ్ళు. అక్కడ ఎవరితో మాట్లాడాను? ఏం తిన్నాను, అది ఎలా చేస్తారు? వచ్చాక ఏ సంగతి మారింది? ఈ మూడూ నిండితే ఆ ఊరు లెక్కలోకి వచ్చినట్టు. గళ్ళు ఖాళీగా ఉంటే మళ్ళీ వెళ్ళాలన్నమాట! విదేశమే కానక్కరలేదు. పక్క జిల్లా అయినా సరే, పక్క వీధిలో కొత్తగా వచ్చిన అస్సాంవాళ్ళ ఇల్లయినా సరే. నా పుస్తకంలో దేశాలు రెండే ఉన్నాయి, నేపాలూ శ్రీలంకా. ఊళ్ళు మాత్రం నూటపదకొండు. క్యాండీలో ఒకావిడ నేర్పిన కొబ్బరి సాంబోల్ మా ఇంట్లో ఇప్పటికీ నెలకు రెండుసార్లు చేస్తాం. ఆ గడి నిండినట్టే అని నా నమ్మకం.

నూరు పూర్తి చేసినవాళ్ళకు మన అభినందనలు. మనలో ఎవరైనా ఆ సంఘంలో చేరే రోజు వస్తే మరీ సంతోషం. ఈలోపల మీ పుస్తకంలో మొదటి గీత ఈ వారమే గీయండి. ఇంతవరకూ చూసిన ఊళ్ళపేర్లు గుర్తున్నంత వరకు రాయండి. రాస్తూ ఉంటే, వాటిలో మీరుగా కోరి వెళ్ళినవి ఎన్నో కూడా తెలుస్తుంది.